మన పట్టాలు – పరదేశపు తక్కెడ

మన సంఘముల సంచికలలో పూర్వుల వలసలను గూర్చిన వ్యాసములకు కొదవ లేదు. నాయకరాజుల కాలమున మధుర, తంజావూరు సీమలకు తరలినవారి చరిత్రయు, మగ్గమును నమ్ముకొని షోలాపురము, భివండీ చేరిన పద్మశాలీల చరిత్రయు, తుంగభద్ర కాలువల వెంట సింధనూరు, గంగావతి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొని మెట్టను మాగాణి చేసిన రైతుల చరిత్రయు మనము పలుమార్లు చదివియున్నాము. మేమిప్పుడు వ్రాయబూనినది ఆ వలసలను గూర్చి కాదు. ఆ వలసదారుల మనుమలు, మునిమనుమలు నేడు సాగించుచున్న మరియొక వలసను గూర్చి. అందునను, ఆ వలసకు గుమ్మమువంటిదైన ఒక కాగితమును గూర్చి.

షోలాపురము చేరిన సాలెవానిని నీ పట్టా యేదని అడిగినవారు లేరు. మగ్గము ముందు కూర్చుండబెట్టిరి, నేసిన బట్టను వెలుగునకు పట్టి చూచిరి, పని యిచ్చిరి. కూలి తక్కువ యిచ్చియుండవచ్చును, ఉండుటకు ఇరుకు గది చూపియుండవచ్చును, అది వేరు సంగతి. పనితనమును మాత్రము పనిలోనే పరీక్షించిరి. నేడు అతని మునిమనుమడు ఇంజనీరై టొరంటో పోదలచినచో ముందుగా అతని పనిని చూచువారు లేరు. అతని పట్టాను చూతురు. ఆ పట్టానైనను నేరుగా కాదు. అది తమ దేశపు ఏ పట్టాకు సరిపోవునో తెలుపు వేరొక పత్రమును చూతురు. కాగితమునకు కాగితము సాక్ష్యము. దీనినే విద్యార్హతల మూల్యాంకనమందురు. మన పిల్లలు ఈసీఏ అనియు, ఎవాల్యుయేషన్ అనియు వాడుచుందురు.

ఇట్టి మూల్యాంకనమే కూడదని మేము వాదించుట లేదు. దొంగపట్టాలు అమ్ము బేరగాండ్రు మన దేశమున లేరని ఎవ్వరనగలరు? నకిలీ విశ్వవిద్యాలయముల పట్టికను మన యూజీసీయే ప్రకటించుచుండును. తన గడప తొక్కువాని కాగితమును పరిశీలించు హక్కు ప్రతి దేశమునకును కలదు. మా అభియోగము వేరు. పట్టాను తూచుట ఒకటి. పట్టభద్రుని అతని వృత్తిలోనికి స్వీకరించుట మరియొకటి. ఈ రెండును ఒకటేనన్న భ్రమను నిలిపియుంచి పరప్రభుత్వములు చదువుకొన్న మనుష్యులను చౌకగా రప్పించుకొనుచున్నవి. ఒకటేయని నమ్మబలికి మధ్యవర్తులు రుసుములు దండుకొనుచున్నారు. ఒకటేయని నమ్మి మనము పొలములు తాకట్టు పెట్టుచున్నాము.

కెనడా సంగతి ముందు చూతము. 2013 మే నెల నుండి ఆ దేశమునకు నైపుణ్యముగల పనివారుగా వలసపోదలచినవారు విదేశపు పట్టాకు ఈ మూల్యాంకనమును జతపరచవలసి యున్నది. 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అను పద్ధతి వచ్చినది. అందు మనిషిని పాయింట్లలోనికి మార్తురు. వయస్సునకు ఇన్ని, భాషకు ఇన్ని, చదువునకు ఇన్ని. వెంట భార్యగాని భర్తగాని రాని అభ్యర్థికి బ్యాచిలరు పట్టా యున్నచో 120 పాయింట్లు. మాస్టరు పట్టా యున్నచో 135. డాక్టరేటు యున్నచో 150. తూచు సంస్థలను ఆ ప్రభుత్వమే నియమించినది. న్యూయార్కులో 1974లో పుట్టిన వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్ వానిలో మన పిల్లలకు మిక్కిలి పరిచితమైనది. టొరంటో విశ్వవిద్యాలయపు విభాగమొకటి, ఆల్బర్టా ప్రభుత్వపు విభాగమొకటి మున్నగునవి తక్కినవి. వైద్యులుగా పోవువారి పట్టాలను మాత్రము మెడికల్ కౌన్సిల్ ఆఫ్ కెనడాయు, ఫార్మసిస్టుల పట్టాలను వారి పరీక్షామండలియు చూడవలెను.

ఇక్కడనే చోద్యము. వైద్యుని పట్టాను ఆ పద్ధతిలో మాస్టరు పట్టాతో సమానముగా ఎంచుదురు. మన ఎం.బి.బి.ఎస్. చదివిన బిడ్డకు 135 పాయింట్లు దక్కును. ఈ పాయింట్లు ఎందులకు? ఆమె వైద్యురాలు గనుక. మంచిదే. విమానము దిగి ఆసుపత్రికి పోయి, నేను వైద్యురాలను, మీ పాయింట్లే సాక్షి అన్నచో ఏమందురు? కాదందురు. మెడికల్ కౌన్సిలు వారి అర్హతపరీక్ష వ్రాయవలెను. అటుపై రోగుల యెదుట పరీక్షించు మరియొక పరీక్షకు కూర్చుండవలెను. అటుపై రెసిడెన్సీ అను శిక్షణస్థానము కొరకు పోటీపడవలెను. విదేశములలో చదివినవారికి కేటాయించు స్థానములు స్వల్పము, పోటీపడువారు పెక్కుమంది. పరీక్షలన్నియు నెగ్గియు స్థానము దొరకక యేండ్లు గడపువారు కలరు. దేశములోనికి రప్పించుకొనుటకు ఆమె వైద్యురాలు. దేశములోనికి వచ్చిన తరువాత కాదు. పట్టాను సరియని ధ్రువీకరించిన సంస్థయు, ఇంకను పరీక్ష వ్రాయుమని నిలువరించు సంస్థయు ఒక్కటే యగుట ఈ వింతకు మెరుగు. పెండ్లికి పిలిచి పీటలు లాగివేయుట యన్న మాట మన పల్లెలలో కలదు.

మేమిందు అతిశయోక్తి పలుకుచున్నామని ఆక్షేపించువారుందురు. రోగి ప్రాణము వైద్యుని చేతిలో నుండును గదా, పరీక్ష లేక ఎట్లు వదలుదురు అందురు. మేమును అదియే అందుము. పరీక్ష పెట్టుడు, కఠినముగనే పెట్టుడు. కాని నెగ్గినవానికి తలుపు తెరువుడు. ఎందరు నెగ్గినను ఇందరికే చోటని ముందే గీత గీసి, ఆ గీతను చూపక పాయింట్లు మాత్రము చూపి రప్పించుట పరీక్ష అనిపించుకొనదు. ఆ దేశపు వలసశాఖ ఒక హెచ్చరిక ప్రకటించియున్నమాట వాస్తవమే: మూల్యాంకనపత్రము ఉన్నంతమాత్రమున ఉద్యోగముగాని, వృత్తిలైసెన్సుగాని లభించునని హామీ లేదన్నది దాని సారాంశము. కనుక మోసము లేదందురు. అంగడి నిండ బంగారమని దీపములు పెట్టి, మూలనొక పలకమీద సన్నని అక్షరములతో ఇది ఇత్తడి అని వ్రాసిపెట్టిన వర్తకుని మనము సత్యసంధుడందుమా?

ఈ గోడ తప్పనిసరి యైనదియు కాదు. అందులకు ఆ దేశమే సాక్ష్యమిచ్చినది. 2023లో నోవాస్కోషియా రాష్ట్రపు నర్సుల మండలి, భారతదేశముతో కూడ ఏడు దేశములలో రిజిస్టరైన నర్సులకు త్రోవను గణనీయముగా కుదించినది. అంతకుముందు వారము వరకు సందేహాస్పదమైన నర్సింగు పట్టా ఒక్కసారిగా నమ్మదగినదెట్లయ్యెను? పట్టా మారలేదు. చెన్నపట్టణములోనో మంగళూరులోనో చదివిన ఆ పిల్ల మారలేదు. ఆసుపత్రులలో నర్సులు చాలకపోయిరి, అంతియే. అట్లే ఆంటారియో రాష్ట్రము 2021లో శాసనము చేసి, వైద్యరంగము వెలుపలి పెక్కు వృత్తులలో కెనడా పనియనుభవము లేనిదే లైసెన్సు ఈయమను నిబంధనను 2023 డిసెంబరు నుండి నిషేధించినది. ఆ రాష్ట్రపు ఇంజనీర్ల మండలి అంతకు కొన్ని నెలల ముందే ఆ నిబంధనను తొలగించినది. పని యియ్యనిదే అనుభవము రాదు, అనుభవము లేనిదే పని యియ్యము అను ఈ కోడి-గ్రుడ్డు తర్కమును ఎంతమంది మన ఇంజనీర్లు టాక్సీ తోలుచు, గిడ్డంగులలో పెట్టెలు మోయుచు విన్నారో! నియమమును ఎత్తివేసిన నాడు వంతెనలు కూలలేదు. మనుష్యుడు పెట్టిన గడియను మనుష్యుడే తీయగలడని తేలినది.

మరియొక చిన్న ముచ్చట. ఈ మూల్యాంకనపత్రము వలసకార్యములలో అయిదు సంవత్సరములే చెల్లును. అయిదేండ్లు దాటినచో మరల తీసికొనవలెను. మరల రుసుము చెల్లింపవలెను. 1998లో బెంగుళూరు విశ్వవిద్యాలయము ఇచ్చిన పట్టా 2020లో ఒక విలువయు, 2026లో ఒక విలువయు పొందునా? పట్టా పెరుగు కాదుగదా పులిసిపోవుటకు. భాషాపరీక్షకు గడువు పెట్టుట అర్థము చేసికొనవచ్చును, భాష మరపునకు వచ్చునది. జరిగిపోయిన చదువునకు గడువేమి?

ఇక అమెరికా. అక్కడి తక్కెడ సంవత్సరములను తూచును. మన దేశమున పండ్రెండు సంవత్సరముల పాఠశాల, మూడు సంవత్సరముల డిగ్రీ అను క్రమము 1964–66 నాటి కొఠారీ కమిషను సిఫారసుల దరిమిలా స్థిరపడినది. 1977లో అమెరికా వలసశాఖ ముందు షా అను అభ్యర్థి వ్యవహారము వచ్చినది. అమెరికాలో బ్యాచిలరు పట్టాకు సాధారణముగా నాలుగేండ్లు పట్టును గనుక భారతదేశపు మూడేండ్ల బి.ఎస్సీ. దానికి సమానము కాదని తీర్పు చెప్పిరి. దాదాపు అర్ధశతాబ్దమైనను ఆ తీర్పు నీడ గ్రీన్‌కార్డు దరఖాస్తులను వదలలేదు. మాస్టరు పట్టా చదివి చేర్చుకొన్నవారి సంగతి వేరు, ఒట్టి బి.ఎస్సీ., బి.కాం. పట్టాలతో కంప్యూటరు పనులలో చేరి ఇరువదియేండ్లు చాకిరి చేసినవారికి ఈ ఒక్క సంవత్సరము కాలిముల్లు.

ఇందులోని న్యాయము ఎంత వంకరయో చూడుడు. తాత్కాలికముగా పనిచేయుటకు ఇచ్చు హెచ్-1బి వీసా విషయమున ఒక సంవత్సరపు చదువు లోటునకు మూడు సంవత్సరముల పనియనుభవమును బదులుగా లెక్కింపవచ్చునని వారి నియమములే చెప్పుచున్నవి. శాశ్వతనివాసము అడిగినప్పుడు ఆ బదులు లెక్క చెల్లదందురు. కూలికి చాలిన చదువు కాపురమునకు చాలదన్నమాట. అదే బి.ఎస్సీ. పట్టాను సరిహద్దునకు ఉత్తరమున కెనడాలో పెట్టినచో మూడేండ్ల బ్యాచిలరు పట్టాగా అంగీకరించి 120 పాయింట్లు ఇత్తురు. నయాగరా జలపాతమునకు ఆవలిగట్టున పట్టా, ఈవలిగట్టున ముప్పాతిక పట్టా. ఇంగ్లండులో బ్యాచిలరు పట్టా సామాన్యముగా మూడేండ్లదే. వత్సరముల సంఖ్యయే విద్య యగునేని న్యూటను చదివిన కేంబ్రిడ్జి నేటి పిల్లలకు ఇచ్చు పట్టాయు ముప్పాతికయే కావలెను.

ఆ సంకటమును తీర్చుటకై మన దేశము 2020 నాటి జాతీయవిద్యావిధానములో నాలుగేండ్ల డిగ్రీని ప్రవేశపెట్టినదని కొందరు సంతసించిరి. దాని గతి యేమైనదో కర్ణాటకములోని మన కుటుంబములకు తెలియును. 2021–22లో ఆ రాష్ట్రము నాలుగేండ్ల డిగ్రీని చేపట్టినది. 2024లో మరల మూడేండ్లకు మరలినది. ఏ పద్ధతి మేలన్న చర్చలోనికి మేము దిగము. రెండు వైపుల పెద్దలును తమ తమ కారణములు చెప్పిరి. కాని ఈ మధ్య చేరిన పిల్లల పట్టాలను రేపు పరదేశపు గుమాస్తా చేత పట్టుకొని, ఒకే విశ్వవిద్యాలయము ఇన్ని తీరుల డిగ్రీలిచ్చినదేమని అడిగినప్పుడు సమాధానము చెప్పవలసినవాడు మంత్రి కాదు, ఆ పిల్లవాడు.

ఆస్ట్రేలియాను గూర్చి రెండు మాటలతో విడిచెదము. 2014లో భారతదేశము వాషింగ్టను ఒడంబడికలో పూర్ణసభ్యత్వము పొందినప్పుడు మన ఇంజనీరింగు పట్టాలన్నియు ప్రపంచమున చెల్లునని పత్రికలు వ్రాసినవి. అన్నియు చెల్లవు. జాతీయ గుర్తింపుమండలి మొదటి శ్రేణిగా గుర్తించిన కోర్సులకే ఆ నీడ. అవి ప్రధానముగా స్వయంప్రతిపత్తిగల సంస్థలలోనివి. పెద్ద విశ్వవిద్యాలయములకు అనుబంధముగా నడచు మామూలు కళాశాలలలో చదివినవారు, అనగా మన పిల్లలలో అధికసంఖ్యాకులు, తమ పనులను వివరించు నివేదికను స్వయముగా వ్రాసి ఆస్ట్రేలియా ఇంజనీర్ల సంస్థకు సమర్పించుకొనవలెను. ఒక విధముగా ఇది బట్టను వెలుగునకు పట్టి చూచు పద్ధతికి దగ్గరిది. మేము దీనిని నిందింపము. కాని ఇక్కడనే మన వీధిమూల కన్సల్టెన్సీవాడు ప్రవేశించును. నివేదిక మేమే వ్రాసియిత్తుము, ఇన్నివేలు చెల్లింపుడనును. ఒకే నివేదికను పదిమందికి పేర్లు మార్చి అమ్మును. కాపీ పట్టుబడినచో దరఖాస్తు త్రోసివేయుటయే గాక అభ్యర్థిని కొంతకాలము నిషేధింతురు. కన్సల్టెన్సీవానిని ఎవ్వరును నిషేధింపరు. వాడు బోర్డు మార్చుకొని ప్రక్కవీధికి పోవును.

ఈ మధ్యవర్తులను గూర్చి వ్రాయుటకు మా కలమునకు మొగమాటము లేదు. వారిలో నిజాయితీపరులు లేకపోలేదు. కాని వారి వ్యాపారమునకు మూలధనము మన అజ్ఞానము. నియమములన్నియు ఆయా ప్రభుత్వముల వెబ్‌సైట్లలో ఉచితముగా లభించును. జర్మనీవారు అనాబిన్ అను పట్టికలో ఏ దేశపు ఏ విశ్వవిద్యాలయమును గుర్తించిరో ఎవ్వరైనను చూచుకొనునట్లు పెట్టియుంచిరి. దానికి దమ్మిడీ ఖర్చు లేదు. ఇంగ్లీషు చదివిన ఇంజనీరు ఆ పుటలు చదువలేడా? చదువగలడు. కాని క్యాంపులోని తండ్రికి, పద్మశాలి వాడలోని మేనమామకు పెద్ద బల్ల, గాజుతలుపు, గోడమీద మేపిలు ఆకు బొమ్మ కనబడినగాని నమ్మకము కుదురదు. మా యెరుకలోని యొక కుటుంబము మూల్యాంకనపత్రము వచ్చినదని బంధువులకు విందుచేసినది. పీఆర్ వచ్చినదనుకొనిరి పాపము! ఆ పత్రము కేవలము చీటీ. బస్సు ఇంకను డిపోలోనే యున్నదని వారికి ఏజెంటు చెప్పలేదు. రెండవ వాయిదా అందువరకు చెప్పదలచుకొనలేదు.

పరదేశులను ఇంత అన్న తరువాత మన యింటి సంగతి అనక విడుచుట న్యాయము కాదు. నిజమునకు మన పట్టాలకు తొలిదెబ్బ టొరంటోలో తగులుట లేదు; మన విశ్వవిద్యాలయపు పరీక్షావిభాగపు కిటికీ వద్ద తగులుచున్నది. తూచు సంస్థలు అభ్యర్థి చేతి కాగితమును సాధారణముగా నమ్మవు. విశ్వవిద్యాలయమే మార్కుల పత్రములను సరిచూచి, కవరు మూసి ముద్రవేసియో, ఆన్‌లైనులోనో పంపవలెను. ఆ ముద్ర కొరకు మన పిల్లలు తిరుగు తిరుగుడు చెప్పనలవి కాదు. నేడు అధికారి సెలవు; రేపు చలానా బ్యాంకు వేరు; ఎల్లుండి పాత రిజిస్టరు గోదాములో నున్నది. మేమెరిగిన ఒక విశ్వవిద్యాలయమున ట్రాన్స్‌క్రిప్టు కొరకు ఒక తండ్రి, కొడుకు విదేశములో నుండగా, రెండు వందల మైళ్ళ దూరము నుండి నాలుగుమార్లు వచ్చెను. నాలుగవమారు దొరకినది, అందు కొడుకు పేరున ఒక అక్షరము తప్పు.

దానికితోడు విశ్వవిద్యాలయములను చీల్చుట, కలుపుట, పేర్లు మార్చుట ఒక వేడుకయైనది. బొంబాయి విశ్వవిద్యాలయము 1996లో ముంబయి విశ్వవిద్యాలయమైనది. షోలాపురపు కళాశాలలు కొల్హాపురములోని శివాజీ విశ్వవిద్యాలయము క్రింద నుండి 2004లో సొంత విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చినవి. పిమ్మట దానికి అహల్యాదేవి హోల్కరు పేరు చేరినది. తమిళనాట అణ్ణా విశ్వవిద్యాలయమును 2007లో ముక్కలు చేసి 2012లో మరల అతికిరి. ఆంధ్రదేశమున జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో నాలుగైనది. 2017లో బెంగుళూరు విశ్వవిద్యాలయమును మూడుగా విడదీసిరి. పాలనకు ఇవి అవసరములే కావచ్చును. కాని పట్టామీద నొక పేరు, ముద్రమీద నొక పేరు, వెబ్‌సైటులో నింకొక పేరు నున్నప్పుడు, ఇవి మూడును ఒకటేయని ఒక్క వాక్యపు ధ్రువపత్రము అడిగినంతనే ఇచ్చు ఏర్పాటు ఎక్కడనున్నది?

ఇక మన పేర్లు. ఈ విషయమున పరరాష్ట్రములలో స్థిరపడిన మనకున్నంత చిక్కు స్వరాష్ట్రపు తెలుగువారికి లేదు. మన వాడుకలో ఇంటిపేరు ముందు వచ్చును. తమిళనాట చదివిన మన పిల్లలకు ఇంటిపేరు ఎగిరిపోయి, తండ్రి పేరు ఒక పొడి అక్షరమై మిగులును. మహారాష్ట్రమున తన పేరు, తండ్రి పేరు, ఆ పైన ఇంటిపేరు అను వరుస. పెండ్లియైన స్త్రీకి నడుమనున్న తండ్రి పేరు పోయి భర్త పేరు వచ్చి చేరును. ఒడిస్సాలో బరంపురపు తెలుగు పేరు ఒడియా లిపిలోనికి పోయి అక్కడనుండి ఇంగ్లీషులోనికి దిగునప్పుడు అచ్చులు మారిపోవును. యానాములోని పాత కుటుంబములలో ఫ్రెంచివారి జననమరణపు రిజిస్టర్లలో ‘ఉ’కారమునకు రెండక్షరములు వ్రాసిన పేర్లు నేటికిని కొనసాగుచున్నవి, సుబ్బారాయుడు తాత పత్రములో ఒక తీరు, మనుమని ఆధారులో ఒక తీరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా నున్నచో, ఒంటిపేరు కలవానికి అమెరికా వీసామీద సొంతపేరు తెలియదన్న అర్థమిచ్చు మూడు అక్షరములు అచ్చగును. తండ్రి పెట్టిన పేరు ఉండియు బిడ్డ అనామకుడగుట ఎంత విడ్డూరము!

ఇన్ని పేర్లు ఒక్క మనిషివేనని నిరూపించుటకు అఫిడవిట్లు, గెజిటు ప్రకటనలు, నోటరీ ముద్రలు. తూచు సంస్థయందలి గుమాస్తాను ఇందు మేము నిందింపజాలము. గుంటూరునకును శోలింగపురమునకును పేరు వ్రాయు పద్ధతిలో భేదమున్నదని అతడెట్లెరుగును? అతనికి తెలియజెప్పు కాగితము మన ప్రభుత్వములు ఇయ్యవలెను. ఆయా రాష్ట్రములలో పేరు వ్రాయు ఆచారమిట్టిది అని విదేశాంగశాఖ నాలుగు పుటల అధికారపత్రము ప్రకటించి విదేశసంస్థలకు పంపినచో, ఏటేట వేలకొలది అఫిడవిట్ల ఖర్చు తగ్గును. ఇది గొప్ప దౌత్యము కాదు. బల్లముందు కూర్చుండి ఒక దినము వ్రాయదగిన పని.

ఇంకొక నిజము చెప్పిన మనవారిలో కొందరికి కోపము రావచ్చును. పరుల పట్టాలను మనమెట్లు తూచుచున్నాము? రష్యాలో, చైనాలో, యుక్రెయినులో వైద్యవిద్య చదివి వచ్చిన మన బిడ్డలకే 2002 నుండి మనము వేరుగా పరీక్ష పెట్టుచున్నాము. విదేశపు డిగ్రీతో తిరిగివచ్చి ఇక్కడ పై చదువునకు పోదలచినవారు చిరకాలము భారత విశ్వవిద్యాలయముల సంఘము వద్ద సమానతాపత్రము కొరకు వేచియుండిరి. 2025లో మాత్రమే యూజీసీ ఇందులకు నిబంధనలు ప్రకటించినది. కనుక అవతలివాని ద్వారమువద్ద న్యాయము కోరునప్పుడు మన ద్వారమున కూడ అదే న్యాయము నిలుపవలెను. లేనిచో మన మాటకు బరువుండదు. మన ప్రతినిధి సంధిబల్ల ముందు కూర్చున్నప్పుడు ఎదుటివాడు మొదట ఎత్తిచూపునది ఇదియే.

పట్టాకు ఇంత ఆరాటమెందులకు, ఇక్కడనే యుండరాదా అని అడుగు పెద్దలు మన సంఘములో కలరు. వారిపట్ల మాకు గౌరవమున్నది. కాని అయ్యా, మన తాతలు కృష్ణాతీరమును విడిచి తుంగభద్రకు వచ్చినప్పుడును ఈ ప్రశ్న అడిగినవారుండిరి. పోవువాడు పోవును. అతడు మోసపోక పోవునట్లు చూచుటయే మన పని. ప్రతిభ యున్నవానికి ఏ అడ్డులును ఉండవు, ఫిర్యాదులెందుకని ఎగతాళి చేయు విజయవంతులు మరికొందరు. నలభై యేండ్ల క్రిందట పోయి, వేరు నియమముల క్రింద స్థిరపడి, నేడు డెట్రాయిటు నుండి సెలవులకు వచ్చి మనకు ధైర్యము బోధించు వారిని మేము వినయముతో కోరునది యేమనగా, మీ పట్టాను నేటి నియమముల క్రింద ఒకమారు తూయించుకొని వచ్చి మాటాడుడు.

మన ప్రభుత్వము కొన్ని ఒప్పందములు చేసికొన్నమాట మరువలేదు. 2022 జూలైలో బ్రిటనుతోను, 2023 మార్చిలో ఆస్ట్రేలియాతోను విద్యార్హతల పరస్పర గుర్తింపునకు సంతకములైనవి. చప్పట్లు మ్రోగినవి, మేమును కొట్టితిమి. చదివి చూచినచో అవి పై చదువులలో ప్రవేశమునకు పట్టాను పట్టాగా గుర్తించునవి. వైద్యము, ఇంజనీరింగు, న్యాయము, నర్సింగు మున్నగు వృత్తులలో పనిచేయుటకు కావలసిన లైసెన్సుల జోలికి పోవు. మరల అదే తంతు: తూనికకు ఒప్పుకొనిరి, స్వీకారమునకు కాదు. ఎవనికి ఏ పట్టా అవసరమో ఆ పట్టానే వెలుపల నిలిపిరి.

కావున రానున్న మహాసభలో మన సంఘములు చేయవలసిన తీర్మానముల ముసాయిదాలో మేము కొన్ని మాటలు చేర్పింపగోరుచున్నాము. బెంగుళూరు, చెన్నపురి, బరంపురము, షోలాపురము, పుదుచ్చేరి విశ్వవిద్యాలయముల అధికారులకు, ట్రాన్స్‌క్రిప్టు దరఖాస్తు అందిన నాటినుండి ఇన్ని దినములలో ఇత్తుమని గడువు ప్రకటింపుడని లిఖితపూర్వకముగా కోరవలెను. కోరుటతో ఆగక, సమాధానము రాకున్న సమాచారహక్కు క్రింద ఎన్ని దరఖాస్తులు పేరుకొన్నవో అడుగవలెను. పదవతరగతి పరీక్షకు పేర్లు నమోదు చేయించు నెలలో ప్రతి శాఖయందును ఒక ఆదివారము బల్ల వేసి, పిల్లవాని పేరు, ఇంటిపేరు ఏ పత్రములో నెట్లున్నవో సరిచూచి దిద్దించు కార్యము పెట్టవలెను. పుట్టుక పత్రము, ఆధారు, పాస్‌పోర్టు మూడును తెమ్మని తలిదండ్రులకు ముందే తెలుపవలెను. కెనడాతోగాని, అమెరికాతోగాని, మరే దేశముతోగాని రేపు వాణిజ్య సంధి జరుగునప్పుడు వృత్తిలైసెన్సుల గుర్తింపునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయముండవలెనని మన పార్లమెంటు సభ్యులకు, ఏ కక్షివారైనను సరే, మహజరు పంపవలెను. పంపిన మహజరునకు వచ్చిన జవాబును, రానిచో రాలేదన్న సంగతిని, వచ్చు సంవత్సరపు సంచికలో ఈ పుటలోనే అచ్చువేయవలెను.